మేష్టారి మడుగు

తెలుగు మేష్టారికి మాటలకేం కొదవ? నీళ్లు నిలిచే చోటికి మన భాషలో ఎన్ని పేర్లున్నాయో ఒకరోజు క్లాసులో బోర్డు నిండా రాశాను. చెరువు, కుంట, గుంట, కొలను, కోనేరు, మడుగు, దొరువు, చెలమ, పడియ. వాన వెలిశాక దారిలో నిలిచేది పడియ. ఇసుకలో చేత్తో తవ్వుకునేది చెలమ. గుడి ముందు మెట్లు కట్టించినది కోనేరు. ఏరు పారుతూ పారుతూ ఒకచోట లోతుగా నిలిస్తే మడుగు. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. చివరి బెంచీ కుర్రాడొకడు మాత్రం లేచి, "ఇన్నిటిలో ఇప్పుడు మన వీధిలో ఎన్నున్నాయండీ?" అన్నాడు.

అదృష్టవశాత్తూ గంట కొట్టారు.

ఇంటికి వచ్చినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మాది తెనాలి. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది 1855లో. ఆ కాలవల నీళ్లు తాగి పెరిగిన ప్రాంతం మాది. మా అమ్మమ్మగారి ఊళ్లో మంచినీళ్లకొక చెరువు, పశువులకొక చెరువు, దారి పక్కన పేరులేని గుంటలు పది ఉండేవి. రాత్రిళ్లు కప్పల గోలకు నిద్రపట్టేది కాదు. ఇప్పుడు మా వీధిలో రాత్రిపూట వినిపించేది ఎదురింటివారి ఏసీ మోత ఒక్కటే.

నాన్నగారు కట్టించిన ఇల్లు గనుక మాకింకా పెరడంటూ ఒకటి మిగిలింది. రెండు కొబ్బరిచెట్లు, ఒక జామ, ఒక కరివేప. వాటి మధ్య కాస్త ఖాళీ. ఆ సాయంత్రం మా ఆవిడతో మెల్లగా ప్రస్తావించాను.

"పెరట్లో చిన్న మడుగొకటి తవ్విద్దామనుకుంటున్నాను."

"దేనికి?"

"కప్పలకి."

ఆవిడ కూర తరుగుతున్నదల్లా ఆపి, లేచివచ్చి నా నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. "దుర్యోధనుడు కూడా చివరికి మడుగులోనే చేరాడు. తర్వాతేమైందో మీకు నేను చెప్పాలా?" అంది. తెలుగు మేష్టారి భార్య అయిన పాపానికి ఆవిడకు కూడా భారతం కాస్త వంటబట్టింది.

మా అమ్మ మంచంమీదనుంచే తీర్పు చెప్పింది: "కప్ప వస్తే దాని వెనకాలే పాము వస్తుందిరా నాయనా."

అయినా 2024 మే నెలలో, సెలవులివ్వగానే ఇద్దరు మనుషుల్ని పెట్టి పని మొదలెట్టించాను. తొమ్మిదడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు. నడిమధ్య రెండున్నర అడుగుల లోతు. ఒక పక్క మాత్రం గట్టునుంచి అడుగుదాకా ఏటవాలుగా ఉండాలన్నాను. నిలువు గోడలుంటే నీళ్లలో పడిన ఉడత గాని, తొండ గాని పైకి రాలేక చచ్చిపోతుంది. పిట్టలకు కూడా స్నానానికి అరంగుళం నీళ్లున్న చోటే కావాలి. ఇవన్నీ పుస్తకాలు చదివి కాగితం మీద గీసుకున్నాను. కాగితం మీద గీసుకోనిది పక్కింటావిడ సంగతి.

రెండోరోజు పొద్దున ఆవిడ గోడ దగ్గరికి వచ్చింది. "అన్నయ్యగారూ, ఏమిటి తవ్విస్తున్నారు?" అంది. చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"పోయినేడు మా పిల్ల ఏమైందో మీరే చూశారుగదా. నిలవ నీళ్లు పెట్టొద్దని ఊరంతా మొత్తుకుంటుంటే మీరు గొయ్యి తవ్వి మరీ పెడతారా?"

చూడకేం? 2023 అక్టోబరులో వాళ్ల పదేళ్ల పిల్లకు డెంగీ వచ్చింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. పూటపూటకీ ప్లేట్లెట్ల లెక్క ఎంతని వీధంతా అడిగేవారు. ఒక రాత్రి వాళ్లాయన మా వరండాలో కూర్చుని, ఏమీ మాట్లాడకుండా గంటసేపు నేలకేసి చూస్తూ ఉండిపోయాడు. అదంతా తెలిసి కూడా ఆవేళ నేను చేసిన పనేమిటంటే, గోడకు ఇవతల నిలబడి ఉపన్యాసం మొదలెట్టటం.

మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ దొర కనిపెట్టింది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20న అన్నాను. దోమలన్నీ ఒకటి కావన్నాను. బోదకాలు తెచ్చేది మురుగునీటిలో గుడ్లు పెడుతుంది. డెంగీ తెచ్చేదానికి మురుగు పనికిరాదు. కాళ్లమీద తెల్లచారలుండే ఆ దోమకు ఇంటి చుట్టూ చిన్న చిన్న పాత్రల్లో నిలిచే తేటనీళ్లే ఇష్టం. పూలకుండీ కింది పళ్లెం, పాత టైరు, కొబ్బరిచిప్ప, మూతలేని డ్రమ్ము, ఇవీ దాని పుట్టిళ్లు. మట్టి అడుగూ, మొక్కా, పురుగూ ఉన్న మడుగు జోలికి అది సాధారణంగా రాదు. వచ్చి గుడ్లు పెట్టినా ఆ పిల్లల్ని తినేవి అందులోనే ఉంటాయి. ఇలా చెప్పుకుపోయాను.

చెప్పిందంతా నిజమే. ఆవిడ మాత్రం కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. మా ఆవిడ నావంక చూసిన చూపు ఇక్కడ వర్ణించను.

సాయంత్రం ఆ పిల్ల వచ్చింది. బడిలో దోమల పాఠం చెప్పారట. చేతిలో తెల్లటి స్టీలు గిన్నె పట్టుకుని, పరీక్షాధికారిలా పెరడంతా కలియదిరిగింది. గొయ్యిలోకి తొంగి చూసి, "మావయ్యగారూ, ఇందులో ఇంకా నీళ్లే లేవుగా?" అంది. తర్వాత వరండా మూలకు వెళ్లింది. అక్కడ మా పాత కూలరు పడివుంది. మోటారు కాలిపోయి రెండేళ్లయింది. పాత సామానువాడు చెప్పిన ధర నచ్చక అలాగే ఉంచేశాను. చూరునుంచి కారిన వేసవి జల్లుల నీళ్లు దాని అడుగు తొట్టిలో నిలిచాయి. పిల్ల గిన్నెతో ముంచి నా మొహం ముందు పెట్టింది.

గిన్నెలో చిన్న చిన్న నల్లని పోగులు మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ ఈదుతున్నాయి.

"ఇరవై మూడు, మావయ్యగారూ," అంది లెక్కపెట్టి.

ఆ కూలరుకీ వాళ్ల పడకగది కిటికీకీ మధ్య దూరం పన్నెండడుగులు. ఆ జాతి దోమ పుట్టినచోటునుంచి ఎక్కువ దూరం పోదనీ, ఆ నాలుగిళ్ల మధ్యనే పగటిపూట తిరుగుతూ కుడుతుందనీ పొద్దున ఉపన్యాసంలో చెప్పినవాణ్ణి నేనే. 2023 అక్టోబరులో కూడా ఆ కూలరు అక్కడే ఉంది. ఆ పిల్లను కుట్టిన దోమ అందులో పుట్టిందని ఎవరూ రుజువు చెయ్యలేరు. పుట్టలేదని నేనూ రుజువు చెయ్యలేను.

ఆ రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్నే నేనూ మా ఆవిడా వాళ్లింటికి వెళ్లి ఉన్న సంగతి చెప్పాము. వాళ్లాయన ఏమీ అనలేదు. ఆవిడ చాలాసేపు కొంగుచివర మెలిపెడుతూ కూర్చుని, "కూలరు తీయించెయ్యండి అన్నయ్యగారూ," అంది. అంతే. అంతకంటే నాలుగు మాటలనివుంటే నాకు తేలికగా ఉండేది.

మడుగు మానేస్తానన్నాను. విచిత్రమేమంటే అప్పుడు అడ్డుపడింది ఆ పిల్ల. ప్రతి ఆదివారం తాను వచ్చి గిన్నెతో ముంచి చూస్తుందట, నోటుపుస్తకంలో రాస్తుందట. దోమ గుడ్డునుంచి రెక్కలొచ్చి ఎగరటానికి వారం, పది రోజులు పడుతుంది గనుక వారానికొకసారి చూస్తే కనిపెట్టవచ్చునని వాళ్ల టీచరమ్మ చెప్పిందట. వాళ్లమ్మ ఆలోచించి, "ఎదిగిన దోమపిల్లలు కనిపిస్తే ఆరోజే పూడ్చేయాలి. మీరు మాటివ్వాలి," అంది. ఇచ్చాను.

కూలరు పాత సామానువాడికి ఊరికే ఇచ్చేశాను. అంతకుముందు దాని తొట్టెను పీచుతో గట్టిగా తోమించాను. ఆ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని, నీళ్లెండినా నెలల తరబడి బతికే ఉంటాయి. నీళ్లు పారబోస్తే చాలదు, తోమాలి.

ఇక మడుగు సంగతి. మొదటిసారి నీళ్లు పట్టిస్తే తెల్లారేసరికి చుక్క మిగల్లేదు. మాది నల్లరేగడి. నీళ్లు పట్టి ఉంచుతుందని నా ధీమా. అది తడిగా ఉన్నన్నాళ్లే పట్టుకుంటుందిట. ఎండలకు బీటలు వారిన నేలలో పోస్తే జల్లెడలో పోసినట్టే. టార్పాలిన్ కొనబోతున్నాను. తవ్వకానికి వచ్చిన పెద్దాయన నవ్వి, "దమ్ము చెయ్యకుండా నీళ్లు నిలుస్తాయా బాబూ?" అన్నాడు. వరినాట్లకు ముందు నీళ్లు పెట్టి మడిని కలియదొక్కుతారు చూడండి, అది. మట్టి మెత్తని బురదై సందులన్నీ పూడుకుని, నీళ్లు కిందికి ఇంకటం తగ్గుతుంది. నేనూ, మా అబ్బాయీ, పక్కింటి పిల్లా మూడు రోజులు మోకాటిలోతు బురదలో తొక్కాము. నలభై దాటాక నా నడుము చేసిన ఫిర్యాదులు వేరే పుస్తకం అవుతాయి. మడుగు మాత్రం నిలిచింది. జూన్‌లో మొదటి వాన పడ్డప్పుడు డాబామీది నీళ్లు గొట్టం ద్వారా అందులోకి మళ్లించాను. కుళాయినీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అవి పోయవలసి వస్తే ఒకటి రెండు రోజులు తొట్టిలో ఆరబెట్టి పొయ్యటం మేలు.

చుట్టూ వెదురు దడి కట్టించి తలుపుకు పైన గొళ్లెం పెట్టించాను. మా అద్దెవాటాలో ఏడాదిన్నర పసివాడున్నాడు. జానెడు నీళ్లు చాలు పసిప్రాణానికి ముప్పు. మడుగు తవ్వుకోవాలనుకునేవారు దడి ఖర్చు ముందే లెక్క వేసుకోవాలి.

నడిమధ్య కలువ, అంచులకు తుంగ, బురదగట్టున పొన్నగంటికూర నాటాము. పొన్నగంటి అల్లుకుపోయి, మా ఆవిడ మొట్టమొదటిసారి మడుగును మెచ్చుకునేందుకు కారణమైంది. శిష్యుడొకడు ఊదాపూలు బాగున్నాయని కాలవనుంచి గుర్రపుడెక్క తెచ్చాడు. దండం పెట్టి తిప్పి పంపాను. దక్షిణ అమెరికానుంచి వచ్చిన ఆ మొక్క మన కాలవలను ఎలా కప్పేస్తున్నదో రోజూ చూస్తూనే ఉన్నాంగదా.

కొత్త మడుగుకు మొదట వచ్చే చుట్టం ఎవరో చెప్పమంటారా? దోమే. నేను దాచను. రెండో ఆదివారం పిల్ల గిన్నెలో ఏడు దోమపిల్లలు తేలాయి. నా గుండె జారిపోయింది. వాటిని తినేవి వచ్చి చేరటానికి ఇంకా వ్యవధి పడుతుంది. ఇచ్చిన మాట ప్రకారం ఎదిగినవి కనిపించకూడదు. అంచేత మూడు వారాలపాటు ప్రతి సాయంత్రం టీ వడపోసే జాలీతో గట్టుమీద కూర్చుని వాటిని ఏరి పారేశాను. ఎం.ఏ. తెలుగు చదివింది ఇందుకేనా అని మా అమ్మ అడిగింది.

దోమల్ని తినటానికి గంబూజియా చేపలు వదలమని కొందరు సలహా ఇచ్చారు. 1928లో మన దేశానికి తెచ్చిన అమెరికా జాతి చేప అది. దోమపిల్లల్ని తింటుంది, సందేహం లేదు. దానితోపాటు తోకకప్పల్ని, మన చేపల గుడ్లను కూడా తినేస్తుంది. ప్రపంచంలో పరాయిచోట చేరి అతిగా చెరుపు చేసిన వంద జీవుల జాబితాలో దాని పేరుంది. మన పంటకాలవల్లోనే, తల మీద వెండిచుక్క మెరిసే వేలెడంత చేప ఒకటుంది. ఎప్పుడూ నీటిపైకే తేలి తిరుగుతూ దోమపిల్లల్ని ఏరుకు తింటుంది. శాస్త్రజ్ఞులు పాంచాక్స్ అంటారు. మా పెద్దాయన అలాంటివి ఎనిమిది పట్టుకొచ్చాడు. ఆ తర్వాత నా టీ జాలీకి సెలవు దొరికింది.

ఆపైన వచ్చినవేవీ నేను పిలిచినవి కావు. నీటి మీద కాళ్లతో నడిచే పురుగులొచ్చాయి. అడుగు చప్పుడైతే నీటిమీదే గెంతుకుంటూ పోయే చిన్న కప్ప వచ్చింది. జూలైలో ఒక పొద్దున మా అమ్మ, "ఎవర్రా మడుగు మీది కొమ్మకు సబ్బునురగ పూసింది?" అని కేకవేసింది. చూస్తే నీటికి పైగా వంగిన జామకొమ్మకు గుప్పెడు తెల్లని నురగ. మన నీళ్లగదుల్లో గోడకు అంటుకుని కూర్చునే కప్ప ఉంటుంది చూశారా? ఆ చెట్టుకప్ప కట్టుకున్న గూడు అది. నురగలో గుడ్లు తడి ఆరకుండా ఉంటాయి. కొన్నాళ్లకు తోకకప్పలు అందులోంచి జారి నీళ్లలో పడతాయి. ఆ పడటం చూద్దామని పక్కింటి పిల్ల హోంవర్కు గట్టుమీదికి తెచ్చుకుంది. నాలుగోనాటికి టపటప రెండు చుక్కలు పడ్డట్టయింది. ఆ కేకకు వాళ్లమ్మ కూడా గోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. గోడమీదనుంచి తొంగిచూసి, నవ్వీ నవ్వనట్టు నవ్వి వెళ్లిపోయింది.

సెప్టెంబరులో తుంగకాడలకు ఎండిన పురుగు తొడుగులు కనిపించాయి. వీపు చీలి, లోపల ఖాళీ. తూనీగ పిల్ల నీళ్లలో పెరిగి, గట్టెక్కి, పాత చొక్కా విడిచి ఎగిరిపోయిన గుర్తు అది. తూనీగ పిల్లను మించిన దోమల వేటకాడు లేడు. వానాకాలం చివర మన దొడ్లలో గుంపులుగా తిరిగే పసుపుపచ్చ తూనీగల జాతి, గాలివాటున హిందూ మహాసముద్రం దాటి మాల్దీవుల మీదుగా ఆఫ్రికాకు పోతుందని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రజ్ఞుడు 2009లో రాశాడు. అది వాన గుంటల్లో పుట్టే జీవి. గుంటలన్నీ మనం పూడ్చేస్తే ఎక్కడ పుట్టి, ఎక్కడినుంచి ఎగరాలి?

అన్నట్టు, మా అమ్మ మాట అబద్ధం కాలేదు. ఒక నీరుకట్టె వచ్చింది. విషం లేని పామేనని పుస్తకం చూపించాను. "దానికి చదువు రాదుగా," అంది మా అమ్మ. ఆమె భయం కూడా న్యాయమైనదే. దడి చుట్టూ గడ్డి పెరగనివ్వకుండా, చీకటి పడ్డాక టార్చి లేకుండా వెళ్లకుండా నియమం పెట్టుకున్నాము. గుడ్డికొంగ ఒకటి మా ఎనిమిది చేపల్లో మూడింటిని భోంచేసింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక మిగతావి కలువాకుల కింద దాక్కున్నాయి. నేనూ ఊరుకున్నాను.

ఆ అక్టోబరులో పక్కవీధిలో మళ్లీ డెంగీ వచ్చింది. ఆ సాయంత్రం పక్కింటావిడ మా గేటు తీసుకుని వస్తుంటే నాకు కాళ్లు చల్లబడ్డాయి. పూడ్చెయ్యమంటుందనుకున్నాను. అడిగితే మారుమాట్లాడకుండా పూడ్చేవాణ్ణి. పార కూడా మూలనే ఉంది.

ఆవిడ చేతిలో కూతురి నోటుపుస్తకం ఉంది. "ఇది కాస్త చూడండి అన్నయ్యగారూ," అంది. అడ్డగీతలు గీసి వారం వారం లెక్కలు రాసింది పిల్ల. మడుగు గడిలో ఏడు, నాలుగు, రెండు, ఆ తర్వాత వరసగా సున్నాలు. దాని పక్కన ఇంకో గడి ఉంది. నాకు తెలియకుండా పిల్ల వీధంతా తిరిగిందిట. ఎదురింటి పూలకుండీ పళ్లెం, తొమ్మిది. మూలింటి పాత టైరు, ముప్పై ఒకటి. ఆ కింద ఎర్ర సిరాతో, మా ఇల్లు, ఫ్రిజ్ వెనక తొట్టి, ఆరు.

"మా ఇంట్లోనే, అన్నయ్యగారూ. నేనే చూసుకోలేదు," అంది ఆవిడ మెల్లగా.

నాకేం జవాబు చెప్పాలో తోచలేదు. ఉపన్యాసం మాత్రం ఇవ్వలేదు. మా ఆవిడ కాఫీ తెచ్చింది. మరునాడు ఆదివారం రెండిళ్లవాళ్లమూ కలిసి వీధి చివరిదాకా వెళ్లి, ప్రతి ఇంట్లోనూ పళ్లేలు బోర్లించి, డ్రమ్ములకు మూతలు కట్టి వచ్చాము. కొందరు విసుక్కున్నారు. ఒకాయన మర్యాదగా తలుపు వేసుకున్నాడు. అప్పటినుంచి ఆదివారాలు ఇదే పని.

ఆవిడ ఇప్పటికీ ఆరు కాగానే మా పెరటివైపు కిటికీ మూసేస్తుంది. ఆసుపత్రిలో ఆరు రాత్రులు కూర్చున్న తల్లికి నోటుపుస్తకంలో సున్నాలు ఒక్కటే చాలవు. నేనేమీ అనను. వీధిలో అందరూ "మేష్టారి మడుగు" అంటుంటే, దాన్ని తవ్వటానికి నాకు అర్హత ఇచ్చింది ఒక పదేళ్ల పిల్ల అని నాకు తెలుసు.

మీలో ఎవరికైనా పెరడుండి, మడుగు తవ్వుకోవాలని మనసైతే తప్పకుండా తవ్వుకోండి. పారకంటే ముందు ఒక తెల్లగిన్నె పట్టుకుని మీ వరండా అంతా తిరిగి రండి. తర్వాత పక్కింటివారి తలుపు తట్టండి.